ఆగురాయుడి ఎత్తిన చెయ్యి

దీపాలవేళ దాటాక ఆగురాయుడి దిబ్బ మీద కాకి కూడా వాలదని వంశధార దిగువ ఊళ్ళలో చెప్పుకునేవారు.

దిబ్బంటే మట్టిదిబ్బ కాదది. పాత ఇటికల గుట్ట. ఒక్కో ఇటిక మూరెడు పొడుగు, జానెడు వెడల్పు. ఎవరు కాల్చారో, ఏ కాలంలో పేర్చారో ఎరిగినవాళ్ళు లేరు. ఆ గుట్ట నెత్తిమీద, జీడితోపు మధ్యలో, ఒక రాతిమనిషి సముద్రం వైపు తిరిగి నిలబడి ఉంటాడు. మూడు నిలువుల ఎత్తు. తల మీద నత్తగుల్లలు పేర్చినట్టు జుట్టు. భుజాల దాకా సాగిన చెవులు. ముక్కు కొస ఎప్పుడో పగిలిపోయింది. ఎడమచేత్తో ఒంటి మీది బట్ట కొంగు పట్టుకుని ఉంటాడు. కుడిచెయ్యి మాత్రం భుజం దాకా ఎత్తి, అరచెయ్యి చాపి చూపిస్తాడు — ఆగు అన్నట్టు.

అందుకే ఆ పేరు. ఆగురాయుడు.

శ్రీకూర్మంలో సామిని పెకలించుకుని సముద్రంలోకి పట్టుకుపోదామని బయల్దేరిన రాకాసి వాడేనట. ఒడ్డుకి వచ్చేసరికి పోటు ఎక్కువైంది. చెయ్యెత్తి, "ఆగు" అన్నాడట సముద్రాన్ని. సముద్రం ఆగలేదు. ఈలోగా తెల్లారిపోయింది. ఉన్నవాడు ఉన్నచోటే రాయైపోయాడు. పగలు రాయి, రాత్రి రాకాసి.

"మరి ఎత్తుకొచ్చిన సామి ఏడీ? చేతిలో నేడేటి?" అని చిన్నప్పుడు అడిగినందుకు తోటవలస దాలమ్మకి వాళ్ళ నాయనమ్మ చేతిలో మొట్టికాయ పడింది.

సామి సంగతి ఎలా ఉన్నా, దిబ్బ సంగతి మాత్రం ఊరందరికీ తెలుసు. నరసన్నపేట సంత నుంచి రాత్రి తిరిగొస్తున్న బండి ఒకటి ఆ రాయి ముందుకి రాగానే ఎడ్లు రెండూ నిలబడిపోయాయి. ముల్లుకర్రతో పొడిచినా కదల్లేదు. తెల్లారాక బండివాణ్ణి దించితే, మూడు రోజులు నోట మాట లేదు. వెనకటికి ఎవరో జమీందారు ఆ బొమ్మని తన తోటలో నిలబెట్టుకుందామని ఏనుగుల్ని తెప్పిస్తే, మోకులు తెగాయి గాని బొమ్మ వెంట్రుకవాసి జరగలేదు. ఇక ఈ మధ్య ఏళ్ళలో... చీకటి పడ్డాక దిబ్బ మీద ఆడమనిషి మూలుగు వినపడుతోందని జీడితోపు కాపలావాడు ఉద్యోగమే మానుకుని పోయాడు.

దాలమ్మ ఆ చుట్టుపక్కల మంత్రసాని. యాభై దాటింది. తోటవలసలో రైతుల పిల్లలు, ఇసకపేటలో గంగపుత్రుల పిల్లలు — సగానికి సగం ఆమె చేతుల్లోకే పడ్డారు. నోరు పెద్దది. గుండె ఇంకా పెద్దదని అనుకునేవారు. అయినా చీకటి పడితే ఆమె కూడా దిబ్బదారి తొక్కేది కాదు. అందుకు ఆమె కారణం ఆమెకుంది.

పంతొమ్మిది వందల అరవై ఏడు వేసవిలో ఊరికి జగన్నాధం గారని ఒకాయన వచ్చాడు. పాత రాళ్ళనీ, శిథిలాలనీ పరీక్షించే ఉద్యోగం. దిబ్బ పక్కన గుడారం వేసుకుని పదిరోజులు టేపు పట్టుకుని కొలిచాడు, రాసుకున్నాడు. ఇటికలు జారి కాలు మెలికపడితే దాలమ్మే వెళ్ళి పట్టు వేసి కట్టింది.

కట్టు బిగిస్తూ అడిగింది. "బాబూ, పదిరోజుల్నుంచి సూస్తన్నారు. ఎవుడీ రాకాసి?"

"రాకాసి కాదమ్మా. బుద్ధుడు" అన్నాడాయన. "పదిహేను వందల ఏళ్ళయి ఉంటుంది. ఈ ఇటికలన్నీ ఆయన సన్యాసులు కట్టుకున్న స్తూపానివి, వాళ్ళు ఉన్న గదులవి. అది ఆగు అని చెప్పే చెయ్యి కాదు. అభయమిచ్చే చెయ్యి. భయపడకు — అంటున్నాడు."

దాలమ్మకి నవ్వొచ్చింది. "బయపడకు అని సెప్పడానికి అంతెత్తు మనిసి, అంత సెయ్యి ఎత్తాలేటి బాబూ? సూస్తేనే గుండె జారిపోతన్నాది!"

ఆయన కూడా నవ్వాడు. ఆ తర్వాత సముద్రం వైపు చూపించాడు. "అప్పట్లో ఏటి మొగలో ఓడలు ఆగేవి. సరుకెత్తుకుని ఎక్కడెక్కడి దేశాలకో పోయేవి. పోయేవాడు తిరిగొస్తాడో రాడో తెలీదు. ఒడ్డు మాయమైపోతుంటే, వాడికి చిట్టచివర కనపడేది ఆ అరచెయ్యి ఒక్కటే. దగ్గర నిలబడి చూసేవాళ్ళ కోసం కాదమ్మా అంత పెద్ద చెయ్యి చెక్కింది. దూరమైపోయేవాళ్ళ కోసం."

దాలమ్మ తలెత్తి ఆ చెయ్యి వైపు చూసింది.

"వేళ్ళ సందులు చూశావా? బాతుకాలిలా రాయి కలిసిపోయి ఉంటుంది. వేళ్ళు విరిగిపోకుండా శిల్పి అలా ఉంచాడు. పెద్దలు ఇంకో మాట కూడా చెప్తారు — ఆ చేతిలోంచి ఒక్క ప్రాణి కూడా జారిపోకూడదని."

"వలలాగన్నమాట" అంది దాలమ్మ.

ఆ మాటకి జగన్నాధం గారు కాసేపు ఆమె మొహం చూసి, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

దాలమ్మ ఊళ్ళోకొచ్చి ఈ మాట చెప్తే అందరూ పగలబడి నవ్వారు. "ఆ బాబు పొద్దున్నొచ్చి కొలుసుకుని, పొద్దుగూకేసరికి గుడారంలో దూరీవోడు. ఒక్క రేత్రి ఆ రాయి కాళ్ళకాడ పడుకుని, అప్పుడు సెప్పమను — బయపడకని!"

* * *

ఆ మరుసటేడు కార్తీకంలో పెద్ద వాన పట్టింది. రెండు రోజులు కుండపోత. గెడ్డ పొంగి బండిదారి మునిగిపోయింది. మూడోనాటి సాయంత్రం, దీపం పెట్టే వేళకి, ఇసకపేట సూరయ్య దాలమ్మ గుమ్మంలో వచ్చి పడ్డాడు. తల మీంచి నీళ్ళు ధారలు.

"అప్పా... మా గురమ్మకి నొప్పులు మొదలెట్టీసినాయి. రాయే, బేగి రాయే!"

గురమ్మకిది మూడో కాన్పు. ముందు ఇద్దరూ పుట్టి దక్కలేదు. ఆ సంగతి దాలమ్మకి తెలుసు. కత్తీ, దారం, పాతగుడ్డలూ మూటగట్టి లేచింది.

"గెడ్డ పొంగినాది కదరా. ఎలా వచ్చినావు?"

సూరయ్య తల దించుకున్నాడు. "దిబ్బ మీంచే. ఎలుగున్నప్పుడే దాటీసినాను."

ఇద్దరూ బయటికి చూశారు. వెలుగు లేదు.

"తెల్లారేదాకా ఆగుతాదంటావేటి?" అంది దాలమ్మ.

"ఆగదప్పా..."

"అయితే నడు."

లాంతరు సూరయ్య పట్టుకున్నాడు. ఆ రాత్రి గాలి కొండల వైపు నుంచి సముద్రం మీదికి కొడుతోంది. వీపుల మీద వాన గులకరాళ్ళలా పడుతోంది. పొలాల గట్లు జారుతున్నాయి.  జీడితోపులో అడుగు పెట్టాక సూరయ్య నడక తగ్గింది. కొమ్మలు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటున్నాయి. కాళ్ళ కింద ఇటికముక్కలు తగలడం మొదలైంది.

దిబ్బ వచ్చింది.

పైన — మెరుపులో — ఆగురాయుడి వీపు కనపడింది. నల్లగా, గోడలాగా. భుజం అవతల ఎత్తిన చేతి వేళ్ళ కొసలు మాత్రం కనపడుతున్నాయి.

మెరుపు ఆరింది.

అప్పుడు వినపడింది.

"ఊ...మ్మ్...మ్మా..."

సూరయ్య లాంతరు ఎత్తి పట్టుకుని ఆగిపోయాడు.

"గాలి" అంది దాలమ్మ.

మళ్ళీ... "ఊమ్మ్...మ్మ్..."

గాలి కాదు. రాయికి అవతలి పక్క నుంచి. సన్నగా మొదలై, ఎక్కి, ఎక్కి, ఒక్కసారిగా తెగిపోయే మూలుగు.

సూరయ్య వచ్చిన దారి వైపు తిరిగాడు. "ఎనక్కి ఎలిపోదాం అప్పా... గెడ్డలో ఈదుకుని పోదాం..."

"నోరుముయ్యి" అని, దాలమ్మ చెవులు రిక్కించింది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె బతుకంతా మూలుగులు వినడమే. మూలుగు తెగిన దగ్గర్నుంచి మనసులో లెక్క పెట్టుకుంది. అరవై దాకా కూడా రాలేదు... మళ్ళీ ఎత్తుకుంది. అదే తీరు. అదే ఎక్కడం, అదే తెగడం.

"ఒరే సూరీ" అంది మెల్లిగా. "అది నొప్పుల మూలుగురా."

ఆ మాటతో ధైర్యమొస్తుందనుకుంది. సూరయ్య ఇంకా కుంచించుకుపోయాడు.

"అదే కదప్పా నాను సెప్తన్నాది... సూలింత దెయ్యం. కానుపు కాకుండా సచ్చిపోయినోళ్ళు మంత్రసానిని పిలుస్తారంట. మూడుపాలి పేరెట్టి పిలుస్తారంట. మూడోపాలికి పలికిన మంత్రసాని మరి ఇంటికి రాదంట!"



దాలమ్మకి గుర్తొచ్చింది అసిరమ్మ.

పదేళ్ళ కిందటి మాట. ఆమె ఊళ్ళోనే ఉండే తాతమ్మకి ఒక్కగానొక్క కూతురు అసిరమ్మ. పంతొమ్మిదేళ్ళ పిల్ల. తొలికాన్పు. తలుపు వేసిన గదిలో ఇద్దరే ఉన్నారు — తనూ, ఆ పిల్లా. తాతమ్మ బయట నీళ్ళు కాస్తోంది. తల రావలసిన చోట బిడ్డ చెయ్యి వచ్చింది. ఇంత చిన్న చెయ్యి. దాలమ్మ కంగారుపడిపోయింది. ఆ చెయ్యి పట్టుకుంది...

లాగింది.

లాగకూడదని ఆమెకి తెలుసు. అయినా లాగింది. బిడ్డ లోపలే ఇరుక్కుపోయింది. తెల్లారేసరికి తల్లి కూడా పోయింది. కడుపులో బిడ్డతోనే. "బిడ్డ అడ్డం తిరిగీసింది, నా సేతిలో ఏటీ నేకపోనాది" అని దాలమ్మ చెప్పింది. తాతమ్మ నమ్మింది. నమ్మి, ఆ చేతులే పట్టుకుని ఏడ్చింది. నిండుచూలింతని ఊరి కాటికి వద్దని పెద్దలంటే, దిబ్బ వెనక జీడితోపులో పూడ్చారు.

లాగిన సంగతి దాలమ్మ మొగుడికి కూడా చెప్పలేదు. ఆ రాత్రి నుంచి చీకటివేళ ఆ దారి తొక్కలేదు.

"అప్పా..."

సూరయ్య కాదు పిలిచింది. రాయి అవతల నుంచి.

"దాలమ్మప్పా..."

సన్నటి ఆడగొంతు. గాలిలో కలిసి, విడి, మళ్ళీ కలిసి. సూరయ్య చతికిలబడిపోయాడు. దాలమ్మ కోక కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకున్నాడు. "పలక్కు! అప్పా, నీ కాళ్ళు మొక్కుతాను, పలక్కు!"

 దాలమ్మ పారిపోదామా అనుకుంది. నిజంగానే ఒక కాలు వెనక్కి వేసింది కూడా.

వేసి, ఆగింది. అవతల ఉన్నది అసిరైతే తను వెళ్ళాలి. బతికున్న ఆడమనిషైతే మరీ వెళ్ళాలి. ఏదైనా వెళ్ళక తప్పదు.

"దాలమ్మప్పా..."

మూడోది.

"వస్తన్నానే!" అని అరిచింది దాలమ్మ. "వస్తన్నాను, ఓర్సుకో!"

సూరయ్య చేతిలోంచి లాంతరు లాక్కుని, ఇటికల మీద పాక్కుంటూ ఎక్కింది. రాతివీపు దగ్గర పడింది. చెయ్యి ఆనించింది. వానకి చల్లగా, పాచి పట్టి జారుతోంది. దాన్ని పట్టుకునే పక్కగా నడిచింది. రెండడుగులు. నాలుగు. రాతిబట్ట మడతలు అరచేతికి ఒక్కొక్కటీ తగులుతున్నాయి. మూలుగు ఇప్పుడు కాళ్ళ దగ్గరే ఉంది.

ముందువైపుకి తిరిగింది. లాంతరు ఎత్తింది.

ఆగురాయుడి రెండు పాదాల మధ్య, వలలో చుట్టి, ఒక మనిషి. వల లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి రాతి కాలివేలు పట్టుకుని ఉంది. జుట్టు మొహం నిండా. దాలమ్మ జుట్టు తప్పించింది...

గురమ్మ.

సూరయ్య పెళ్ళాం గురమ్మ. పళ్ళు కరుచుకుపోయి, కళ్ళు తేలేసి, ఒళ్ళు కాలిపోతూ.

"ఓలమ్మ ఓలమ్మ... నువ్వేటే ఇక్కడ!"

జరిగిందేమిటో తర్వాత తెలిసింది. సూరయ్య ఇటు రాగానే ఇసకపేటలో గురమ్మకి ఉమ్మనీరు పోయింది. ఇంకా ఆగితే మనిషి దక్కదని, సూరయ్య తమ్ముడు గంగులూ, ఇంకో బలమైనవాడూ కలిసి ఆమెని వలలో పడుకోబెట్టి, వలని కర్రకి కట్టి మోసుకుంటూ దాలమ్మకి ఎదురు బయల్దేరారు. దిబ్బ ఎక్కేసరికి వాళ్ళ లాంతరు ఆరిపోయింది. తలెత్తి చూస్తే మెరుపులో ఆ చెయ్యి... నెత్తిన పడబోతున్నట్టు. కర్ర వదిలేసి, వచ్చిన దారినే పరిగెత్తారు. మోసుకొచ్చిన మనిషి మనసులోకి వచ్చేసరికి ఇద్దరూ ఇసకపేటలో ఉన్నారు.

అవన్నీ తర్వాతి మాటలు. అప్పటికి దాలమ్మకి కనపడింది ఒక్కటే. గాలి వెనక నుంచి కొడుతోంది కాబట్టి రాయికి ముందువైపు వాన పడటం లేదు. చుట్టూ నీళ్ళు కాలవలు కట్టి పారుతున్నా ఆ రెండు పాదాల మధ్య నేల పొడిగా ఉంది. లాంతరు అక్కడ పెట్టింది. వల కోసేసింది. చేతులు తుడుచుకుని పరీక్ష చేసింది.

చెయ్యి పైకి తీసుకుంది. 

బిడ్డ చెయ్యి వచ్చింది.

అదే. పదేళ్ళ కిందటి గదిలో చూసిన అదే చెయ్యి. ఇంత అరచెయ్యి, ముడుచుకున్న వేళ్ళు. గురమ్మ మళ్ళీ మెలితిరిగింది. ఒంట్లోంచి రావలసినంత రక్తం కంటే ఎక్కువే వస్తోంది. వేళ మించిపోతోంది. దాలమ్మ వేళ్ళు వాటంతటవే ఆ చిన్న మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. ఒక్క లాగు... ఒక్క లాగు లాగితే...

ఆకాశం పగిలినట్టు మెరిసింది.

దాలమ్మ తలెత్తింది. నెత్తి మీద, ఆకాశమంత పెద్దదై, ఆ రాతి అరచెయ్యి. మెరుపు ఒకటి కాదు, మూడు నాలుగు వరసగా మెరిశాయి. అంతసేపూ ఆ చెయ్యి ఆమె మీద అలాగే ఉంది. కలిసిపోయిన వేళ్ళు. మధ్యలో గీత. ఊళ్ళోవాళ్ళు అన్నట్టు ఆగమంటోందో, ఆ బాబు చెప్పినట్టు భయపడకంటోందో ఆమెకి తెలీలేదు.

వేళ్ళు వదిలేసింది.

"లాగను" అంది పైకే. ఎవరితో అందో.

మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. గురమ్మని ఒక పక్కకి వత్తిగిల్లజేసి, నడుం కింద మూట పెట్టింది. "ముక్కకు తల్లీ. ఇప్పుడు ముక్కకు. నాను సెప్పినదాకా ముక్కకు." బిడ్డ చిటికెనవేలి కొసని పట్టుకుని చిన్నగా గిల్లింది. ఏమీ కాలేదు. ఆగింది. మళ్ళీ గిల్లింది...

చెయ్యి కదిలింది. చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకుంది. లోపలికి. ఇంకొంచెం లోపలికి.

"బతికే ఉన్నాది!" అంది దాలమ్మ. "గురమ్మా, నీ బిడ్డ బతికే ఉన్నాదే! ఇంక ముక్కు. ఇంక నీ ఇష్టం, ముక్కవే తల్లీ!"

మరో నాలుగు నొప్పులు పట్టాయి. నాలుగోదానికి తల వచ్చింది.

కింద జీడిచెట్టు మొదట్లో, చీకట్లో, చెవులు మూసుకుని కూచున్న సూరయ్యకి పసిబిడ్డ ఏడుపు వినపడింది. వాడు అది కూడా దెయ్యమే అనుకున్నాడు. "ఒరే సూరీ, ఆడపిల్లరా! నీ పెళ్ళామేరా! పైకి రా ఎదవా!" అని దాలమ్మ తిట్టిన తిట్లకి గాని వాడికి నమ్మకం కుదరలేదు.

* * *

తెల్లారగట్ల గంగులు పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. తల్లినీ బిడ్డనీ చూసి ఇటికల మీద బోర్లాపడి ఏడ్చాడు. వదినని వదిలేసి పారిపోయినందుకు ఇసకపేట ఆడవాళ్ళు వాణ్ణి నెల్లాళ్ళు మాటలతో చంపారు. రాత్రి దిబ్బ మీద మూలిగిన దెయ్యం గురమ్మేనని తెలిసి రెండూళ్ళూ నవ్వుకున్నాయి. సొంత పెళ్ళాం మూలుగు ఆనవాలు పట్టలేనివాడని సూరయ్యకి పేరొచ్చింది. వాడు కూడా నవ్వేవాడు. బిడ్డ బతికింది కదా, ఏమన్నా పడతాడు.

దాలమ్మకి కూడా మనసు తేలికపడింది. పిలిచింది గురమ్మే. అసిరమ్మ కాదు.

పదో రోజున పురిటిస్నానానికి ఇసకపేట వెళ్ళింది. గుడిసె వెనక తడిక చాటున గురమ్మని పీట మీద కూచోబెట్టి, వేపాకు నీళ్ళు చెంబుతో పోస్తోంది.

"అప్పా" అంది గురమ్మ. "ఆ రెండో ఆవిడికి కూడా కోకెట్టాలని మా అత్త అంటన్నాది. ఏ ఊరావిడి?"

"రెండో ఆవిడేటే?"

"నువ్వు రాకముందే ఉన్నాది కదా. మా మరిది నన్నొగ్గీసి పారిపోనాక... ఎలగొచ్చిందో, నా తల ఒల్లో ఎట్టుకుని కూకున్నాది. నిన్ను పిలిసింది ఆవిడే కదా."

దాలమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది.

"నువ్వు కదే నన్ను పిలిసినావు."

"నా నోట మాటెక్కడిదప్పా? పళ్ళు కరుసుకుపోనాయి కదా. ఆవిడే — దాలమ్మప్పా, దాలమ్మప్పా అని మూడుపాలి పిలిసినాది. నువ్వు వస్తన్నానే అన్నావు. అప్పుడు నా సెవిలో సెప్పినాది. బయపడకు, దాలమ్మప్ప వచ్చీసినాది... ఈపాలి లాగదులే అని."

తడిక అవతల ఎవరో బిడ్డని ఊపుతున్న చప్పుడు. 

"ఈపాలి లాగదు అంటే ఏటప్పా?"

దాలమ్మ చెంబు కింద పెట్టింది. మెల్లిగా అడిగింది. "ఎలగున్నాది... మనిసి?"

"మొకం అగుపడనేదు. సిన్నదే. సేతులు మాత్రం ఐసుగడ్డలే." గురమ్మ తడిజుట్టు పిండుకుంటూ చెప్పింది. "పాపం, ఆవిడికీ నెలలు నిండినట్టున్నాయి అప్పా. నా తల ఆవిడి పొట్టకి ఆనుకున్నాది కదా... లోపల బిడ్డ కదల్తన్నాది."

దాలమ్మ ఆ నీళ్ళు ఎలా పోసిందో, ఆ జుట్టు ఎలా తుడిచిందో ఆమెకే తెలీదు. గురమ్మ అత్త పెట్టిన కోక తీసుకోలేదు. భోజనానికి ఆగలేదు. తోటవలస వచ్చి తన ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా తాతమ్మ ఇంటికి వెళ్ళింది.

తాతమ్మ వాకిట్లో ఒక్కతీ కూచుని చింతపండు గింజలు తీస్తోంది.

"వదినా" అని, దాలమ్మ గుమ్మం బయటే నేల మీద కూలబడింది. "నాను లాగీసినాను వదినా. అసిరి బిడ్డ సెయ్యి... నానే లాగీసినాను. బయమేసి లాగీసినాను. నీకు అబద్ధం సెప్పినాను."

దిబ్బ మీద జరిగింది చెప్పింది. గురమ్మ అన్న మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పింది. పిలుపు దగ్గర్నుంచి, పొట్టలో బిడ్డ కదలడం దాకా.

తాతమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. తిడుతుందని దాలమ్మ ఎదురుచూసింది. కొడుతుందని ఎదురుచూసింది. పొద్దు గోడ దిగి వాకిట్లోంచి వెళ్ళిపోయింది. చాలాసేపటికి తాతమ్మ పెదాలు కదిలాయి.

"ఆ రేత్రి పెద్ద వాన కదే దాలీ..." అంది. "నా పిల్ల తడిసిపోనాదేటే?"

"నేదు వదినా" అంది దాలమ్మ. "ఆయన కాళ్ళకాడ... ఒక్క సినుకు పళ్ళేదు."